నర్స్ ప్రాక్టీషనర్ మందులు రాయవచ్చా? అమెరికాలో స్వతంత్ర అధికారంపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో క్లినిక్‌కు ఫోను చేస్తే, డాక్టరుగారిని కలవడానికి కొన్ని వారాలు ఆగాలని, నర్స్ ప్రాక్టీషనర్ అయితే రేపే చూస్తారని చెప్పడం ఇప్పుడు మామూలైపోయింది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు, పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులు ఆ మాట విని తటపటాయిస్తారు. నర్సు మందు రాయడమేమిటి, అది వాడవచ్చా అని అడుగుతారు. ఈ అధికారం డాక్టరు సంతకంతో ముడిపడి ఉండాలా, విడిగా ఉండాలా అనే వాదన అక్కడి రాష్ట్రాల చట్టసభల్లో దశాబ్దాలుగా నడుస్తోంది. ఈ పేజీ ఆ రెండు సందేహాల గురించి. నేను స్వతంత్ర అధికారాన్ని సమర్థించేవారి పక్షాన ఉన్నాను, అయితే కొన్ని గట్టి షరతులతో. చదివేవారికి ఆ సంగతి ముందే తెలియడం న్యాయం.

నర్స్ ప్రాక్టీషనర్ అంటే ఎవరు? మామూలు నర్సుకు, వీరికి తేడా ఏమిటి?

మామూలు రిజిస్టర్డ్ నర్సు డాక్టరు రాసిన మందు ఇస్తారు, రోగిని కనిపెట్టుకుని ఉంటారు. నర్స్ ప్రాక్టీషనర్ ఆ చదువు, లైసెన్సు పూర్తయ్యాక నర్సింగ్‌లో మాస్టర్స్ గానీ డాక్టరేట్ గానీ చేసి, జాతీయ స్థాయి ధ్రువీకరణ పరీక్ష రాసి, రాష్ట్రం నుంచి మరో లైసెన్సు తీసుకున్నవారు. రోగిని పరీక్షించడం, రక్తపరీక్షలు రాయించి వాటిని చదవడం, జబ్బు నిర్ధారించడం, మందులు రాయడం వీరి పని. కుటుంబ వైద్యం, పిల్లలు, వృద్ధులు, మహిళల ఆరోగ్యం, మానసిక వైద్యం వంటి వాటిలో ఒకదాన్ని ఎంచుకుని అందులోనే చదువుతారు, అందులోనే పరీక్ష రాస్తారు.

‘ఉన్నత స్థాయి నర్సులు’ అనే పెద్ద వర్గంలో వీరితోపాటు మంత్రసాని నర్సులు, మత్తు ఇచ్చే నర్సులు, క్లినికల్ నర్స్ స్పెషలిస్టులు కూడా ఉన్నారు. నలుగురికీ చట్టాలు ఒకేలా వర్తించవు. ఇక్కడ ప్రధానంగా నర్స్ ప్రాక్టీషనర్ల గురించే చెబుతున్నాను.

ఇది కొత్త పద్ధతా?

కాదు. మొదటి శిక్షణ 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలైంది. లొరెట్టా ఫోర్డ్ అనే ప్రజారోగ్య నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి దాన్ని రూపొందించారు. మారుమూల ప్రాంతాల పిల్లలకు డాక్టర్లు దొరక్కపోవడమే అందుకు కారణం. 1971లో ఐడహో రాష్ట్రం జబ్బు నిర్ధారణ, చికిత్సలను వీరి పరిధిలోకి తెచ్చిన తొలి రాష్ట్రమైంది. మందులు రాసే అధికారం ఒక్కో రాష్ట్రంలో ఒక్కో దశాబ్దంలో వచ్చింది. అందరికంటే ఆలస్యంగా 2006లో జార్జియా ఇచ్చింది.

అన్ని రాష్ట్రాల్లోనూ మందులు రాస్తున్నప్పుడు ఇక వివాదం దేనికి?

‘స్వతంత్రంగా’ అన్న ఒక్క మాట దగ్గరే వివాదం. రాష్ట్రాలు స్థూలంగా మూడు రకాలు. మొదటి రకంలో నర్స్ ప్రాక్టీషనర్ తన లైసెన్సు మీద తానే రోగిని చూసి మందు రాస్తారు. పర్యవేక్షించేది రాష్ట్ర నర్సింగ్ బోర్డు. రెండో రకంలో కొన్ని పనులకు ఒక డాక్టరుతో రాతపూర్వక సహకార ఒప్పందం ఉండాలి. మూడో రకంలో డాక్టరు పర్యవేక్షణ గానీ, డాక్టరు తన అధికారాన్ని అప్పగించడం గానీ తప్పనిసరి. సగానికి పైగా రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ డి.సి. ఇప్పుడు మొదటి రకంలో ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం నడిపే మాజీ సైనికుల ఆసుపత్రులు 2016 డిసెంబరులో తెచ్చిన నిబంధనతో, రాష్ట్రం ఏదైనా సరే, తమ నర్స్ ప్రాక్టీషనర్లకు పూర్తి అధికారం ఇచ్చాయి. మత్తు ఇచ్చే నర్సులను మాత్రం ఆ నిబంధన నుంచి మినహాయించారు.

తెలుగువారు ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో పరిస్థితి ఏమిటి?

టెక్సాస్ కట్టుదిట్టమైన రాష్ట్రాల్లో ఒకటి. అక్కడ మందులు రాసే అధికారం డాక్టరుదే. ఆయన ఒప్పందం ద్వారా దాన్ని నర్స్ ప్రాక్టీషనర్‌కు అప్పగిస్తారు. ఆసుపత్రుల బయట ఒక డాక్టరు ఇలా ఏడుగురికి మించి అప్పగించకూడదు. ఒప్పందాన్ని ఏటా సరిచూసుకోవాలి, ఇద్దరూ నెలకోసారి సమావేశం కావాలి, కొన్ని కేసు పత్రాలను డాక్టరు పరిశీలించాలి.

కాలిఫోర్నియా 2020లో ఏబీ 890 అనే చట్టం చేసింది. మూడేళ్లు లేదా 4,600 గంటల అనుభవం గడించినవారు 2023 నుంచి, డాక్టర్లు కూడా పనిచేసే సంస్థల్లో, డాక్టర్లతో కలిసి ముందుగా రాసుకునే విధాన పత్రాలు లేకుండానే వైద్యం చేయవచ్చు. ఆ హోదాలో మరో మూడేళ్లు గడిపితే సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చు. న్యూయార్క్ 3,600 గంటల అనుభవాన్ని గీతగా పెట్టుకుంది. ఆ గీత దాటినవారికి ఒప్పందం అవసరం లేదని 2022లో తేల్చింది. మసాచుసెట్స్‌లో 2021 చట్టం ప్రకారం రెండేళ్ల పర్యవేక్షణ చాలు. ఫ్లోరిడా 2020లో ప్రాథమిక వైద్యం వరకు తలుపులు తెరిచింది, 3,000 గంటల అనుభవం షరతుతో.

ఈ చట్టాలు తరచూ మారుతుంటాయి కాబట్టి మీ రాష్ట్ర నర్సింగ్ బోర్డు వెబ్‌సైటులో తాజా నిబంధన చూసుకోండి.

డాక్టరుతో ఒప్పందం ఉండటం రోగికి రక్షణే కదా? దాన్ని ఎందుకు తీసేయాలి?

అసలు చర్చ ఇదే. ఒప్పందం అనగానే, పక్క గదిలో అనుభవజ్ఞుడైన డాక్టరు కూర్చుని ప్రతి మందుల చీటీ చూసి తల ఊపుతున్నట్టు మనకు అనిపిస్తుంది. వాస్తవం అలా ఉండదు. టెక్సాస్‌తో సహా చాలాచోట్ల ఆ డాక్టరు అదే భవనంలో ఉండాలన్న నియమం లేదు. వంద మైళ్ల దూరంలోని మరో ఊళ్లో ఉండవచ్చు. మీ అమ్మగారిని ఆయన చూడరు. ఆమెకు రాసిన మందు ఆమె మింగే ముందు ఆయన కళ్ల పడదు. తర్వాత ఎప్పుడో ఎంపిక చేసిన కొన్ని పత్రాలను ఆయన తిరగేస్తారు, వాటిలో ఆమెది ఉండవచ్చు, ఉండకపోవచ్చు. సొంత క్లినిక్ నడిపే చాలామంది నర్స్ ప్రాక్టీషనర్లు ఈ సంతకానికి నెలనెలా రుసుము కట్టాలి. ఇలా ఒప్పందాలు కుదిర్చిపెట్టడమే వ్యాపారంగా పెట్టుకున్న మధ్యవర్తి సంస్థలు కూడా పుట్టుకొచ్చాయి.

ఆ డాక్టరు పదవీ విరమణ చేసినా, వేరే రాష్ట్రానికి వెళ్లిపోయినా, హఠాత్తుగా చనిపోయినా ఒప్పందం ముగుస్తుంది. నిన్నటి వరకు వందల మంది రక్తపోటు, మధుమేహ రోగులను చూసిన నర్స్ ప్రాక్టీషనర్, ఇవాళ అదే రోగికి అదే మాత్ర రాయడానికి చట్టం ఒప్పుకోదు. ఆమె చదువు పోలేదు, అనుభవం పోలేదు. రోగి వాడే మందు మాత్రం ఆగిపోతుంది. ఊళ్లో అదొక్కటే క్లినిక్ అయితే ఆ రోగి ఎక్కడికి వెళ్లాలి?

నిజమైన పర్యవేక్షణను నేను ఎంతో గౌరవిస్తాను. కొత్తగా చదువు ముగించినవారి పక్కన అనుభవం ఉన్నవారు కూర్చుని, ఒక్కో కేసు చర్చించి, తప్పు రాసిన చోట ఆపి చెప్పే రెండు మూడేళ్లు ప్రాణాలు కాపాడతాయి. మసాచుసెట్స్, న్యూయార్క్ పెట్టిన అనుభవం గీత నాకు నచ్చడానికి కారణం అదే. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవారికి జీవితాంతం ఒక కాగితాన్ని అంటగట్టి, దాన్నే రోగికి రక్షణ అని చెప్పడం మాత్రం రోగిని మభ్యపెట్టడమే.

డాక్టరు చదువుతో పోలిస్తే వీరి శిక్షణ చాలా తక్కువ కదా?

తక్కువే. ఆ మాట దాచకూడదు. అమెరికాలో డాక్టరు కావడానికి మామూలు డిగ్రీ తర్వాత నాలుగేళ్లు వైద్య కళాశాలలో, కనీసం మూడేళ్లు రెసిడెన్సీలో, అంటే ఆసుపత్రి శిక్షణలో గడుపుతారు. రోగుల మధ్య గడిపే శిక్షణ 12,000 నుంచి 16,000 గంటల వరకు ఉంటుందని వైద్యుల సంఘాలు లెక్క చెబుతాయి. నర్స్ ప్రాక్టీషనర్ కోర్సులో చాలాకాలం కనీసం 500 గంటలే ఉండేవి. 2022లో వచ్చిన జాతీయ ప్రమాణాలు దాన్ని 750కి పెంచాయి. అంతకుముందు నర్సుగా పనిచేసిన సంవత్సరాలు ఈ లెక్కలోకి రావు. ఆ అనుభవానికి విలువ ఉంది కానీ, జబ్బు నిర్ధారించే బాధ్యత వేరే రకమైనది.

నాకు నిజంగా ఆందోళన కలిగించేది కొన్ని కోర్సుల తీరు. పాఠాలన్నీ ఆన్‌లైన్‌లో చెప్పి, క్లినిక్‌లో శిక్షణ ఇచ్చే గురువును విద్యార్థే వెతుక్కోవాలని వదిలేసే కళాశాలలు ఉన్నాయి. ఎవరు దొరికితే వారి దగ్గర గంటలు పూర్తి చేసుకుని బయటపడేవారు ఉన్నారు. నర్సుగా ఒక్క ఏడాది కూడా పనిచేయకుండా నేరుగా ఇందులోకి వచ్చేవారూ ఉన్నారు. స్వతంత్ర అధికారం కోరే నర్సింగ్ సంఘాలు ఈ కళాశాలల మీద ఇంతకంటే గట్టిగా గొంతెత్తాలి. మంచి నర్స్ ప్రాక్టీషనర్ల పేరు పోయేది వీటివల్లే.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

రెండు వైపులా ఉన్నవీ చెప్పాలి.

2000లో అమెరికా వైద్యుల సంఘం పత్రికలోనే వచ్చిన ఒక అధ్యయనం చాలా పేరుపొందింది. న్యూయార్క్‌లో మేరీ మండింగర్ బృందం 1,316 మంది రోగులను లాటరీ పద్ధతిలో కొందరిని డాక్టర్లకు, కొందరిని నర్స్ ప్రాక్టీషనర్లకు అప్పగించింది. ఇద్దరికీ సమానమైన అధికారం, సమానమైన బాధ్యత. ఆరు నెలల తర్వాత ఆస్తమా, మధుమేహ రోగుల ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రక్తపోటు రోగుల్లో కింది అంకె నర్స్ ప్రాక్టీషనర్ల వైపు కొద్దిగా తక్కువగా, అంటే కొంచెం మెరుగ్గా ఉంది. 2018లో వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ వివిధ దేశాల్లో జరిగిన 18 ప్రయోగాలను కలిపి చూసి, ప్రాథమిక వైద్యంలో నర్సులు చూసిన రోగుల ఫలితాలు డాక్టర్లు చూసినవారితో సమానంగానో కొంత మెరుగ్గానో ఉండవచ్చని తేల్చింది. రోగి దగ్గర వారు ఎక్కువసేపు గడుపుతారని కూడా చెప్పింది.

ఇక రెండో వైపు. డేవిడ్ చాన్, యీక్యున్ చెన్ అనే ఆర్థికవేత్తలు మాజీ సైనికుల ఆసుపత్రుల అత్యవసర విభాగాలను పరిశీలించి 2022లో ఒక పత్రం వెలువరించారు. నర్స్ ప్రాక్టీషనర్లు చూసిన రోగులు అక్కడ ఉండే సమయం 11 శాతం పెరిగిందని, సరైన వైద్యంతో నివారించదగిన ఆసుపత్రి చేరికలు 20 శాతం పెరిగాయని వారు లెక్కగట్టారు. అదే పత్రంలో మరో మాట కూడా ఉంది: ఒకే వృత్తిలోని వ్యక్తుల మధ్య తేడాలు రెండు వృత్తుల సగటుల మధ్య ఉన్న తేడా కంటే చాలా పెద్దవి.

నాకు ఈ రెండింటి మధ్య వైరుధ్యం కనిపించదు. తెలిసిన రోగి, నెమ్మదిగా ముదిరే జబ్బు, మళ్లీ మళ్లీ కలిసే అవకాశం ఉన్న చోట నర్స్ ప్రాక్టీషనర్లు బాగా రాణిస్తారు. ఎవరో తెలియని రోగి గుండెనొప్పితో వచ్చి పడే చోట ఎక్కువ శిక్షణ ఉన్నవారు కావాలి. చట్టం రెండు చోట్లనూ ఒకే గాటన కట్టడమే పొరపాటు. ఫ్లోరిడా ప్రాథమిక వైద్యానికే పరిమితం చేయడంలో ఆ మేరకు తెలివి ఉంది.

నొప్పి మందులు, అలవాటుపడే మందుల సంగతి?

ఇక్కడ జాగ్రత్త ఎక్కువ. నల్లమందు జాతి నొప్పి మందులు, కొన్ని నిద్రమాత్రలు, ఏకాగ్రత లోపానికి వాడే ఉత్తేజక మందులు నియంత్రిత జాబితాల్లో ఉంటాయి. వాటిని రాయాలంటే రాష్ట్ర లైసెన్సుతోపాటు కేంద్ర మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ దగ్గర విడిగా నమోదు కావాలి. టెక్సాస్‌లో షెడ్యూల్ 2 మందులను, అంటే ఈ జాబితాల్లో ఎక్కువ కట్టడి ఉన్నవాటిని, ఆసుపత్రిలో చేరినవారికి, అత్యవసర విభాగంలో, మరణాసన్నుల సంరక్షణలో మాత్రమే నర్స్ ప్రాక్టీషనర్లు రాయగలరు. మామూలు క్లినిక్‌లో రాయలేరు.

2015 నాటి మెడికేర్ (వృద్ధుల ప్రభుత్వ బీమా పథకం) లెక్కలతో చేసిన ఒక అధ్యయనంలో నల్లమందు జాతి నొప్పి మందులను మోతాదు మించి రాసినవారు డాక్టర్లలో 3.8 శాతం, నర్స్ ప్రాక్టీషనర్లలో 8 శాతం ఉన్నారు. స్వతంత్ర అధికారం ఉన్న రాష్ట్రాల్లోనే ఆ ధోరణి ఎక్కువగా కనిపించింది. ఆ అంకెను తేలిగ్గా తీసుకోకూడదు. ఇక్కడ అదనపు కట్టడి ఉండటం సబబే అంటాను.

అయితే ఇదే జాబితాలో వ్యసనం నుంచి బయటపడేసే బుప్రినార్ఫిన్ కూడా ఉంది. 2016 వరకు దాన్ని వ్యసన చికిత్సకు డాక్టర్లు మాత్రమే, అదీ ప్రత్యేక అనుమతితో రాసేవారు. ఆ ఏడాది చేసిన చట్టం నర్స్ ప్రాక్టీషనర్లకూ తలుపు తీసింది. 2022 చివర్లో ఆ ప్రత్యేక అనుమతినే ఎవరికీ అవసరం లేకుండా రద్దు చేశారు. పల్లెల్లో మత్తుకు బానిసై చనిపోతున్నవారికి ఆ మందు చేరడం ఎంత ముఖ్యమో ఆలోచిస్తే, అధికారం ఇవ్వకపోవడానికి కూడా ఒక మూల్యం ఉందని అర్థమవుతుంది.

స్వతంత్ర అధికారం ఇస్తే పల్లెలకు వైద్యం వస్తుందా?

కొంత వస్తుంది. టెక్సాస్‌లో 254 కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) ఉంటే, ప్రాథమిక వైద్యం చేసే డాక్టరు ఒక్కరూ లేనివి పదుల సంఖ్యలో ఉన్నాయి. అలాంటి చోట క్లినిక్ పెట్టాలనుకునే నర్స్ ప్రాక్టీషనర్‌కు ఒప్పందానికి డాక్టరును వెతుక్కోవడమే మొదటి అడ్డంకి. ఆ అడ్డంకి పోవాలి. అది పోగానే అందరూ పల్లెలకు తరలివెళ్తారని ఎవరైనా చెబితే నమ్మవద్దు. పిల్లల బడులు, జీవిత భాగస్వామి ఉద్యోగం, అప్పులు నర్సులకూ ఉంటాయి. పల్లెల్లో పనిచేసేవారికి చదువు అప్పు మాఫీ, మంచి జీతం జతచేయాలి.

డాక్టర్ల సంఘాల వ్యతిరేకత డబ్బు కోసమేనా?

అలా అనడం అన్యాయం. రోగుల భద్రత గురించి వారి ఆందోళన నిజమైనదే, పైన చెప్పిన శిక్షణ గంటల తేడా నిజమైనదే. డబ్బు ప్రసక్తి లేదనడమూ నిజం కాదు. వృద్ధుల బీమా పథకం మెడికేర్ 1997 చట్టం తర్వాత నర్స్ ప్రాక్టీషనర్లకు నేరుగా చెల్లిస్తోంది, డాక్టరుకిచ్చే దానిలో 85 శాతం. అదే పనిని డాక్టరు పర్యవేక్షణలో జరిగినట్టు నిబంధనల ప్రకారం చూపిస్తే పూర్తి మొత్తం వస్తుంది. పోటీని కాపాడే కేంద్ర సంస్థ ఎఫ్‌టీసీ 2014లో ఇచ్చిన పత్రంలో, అవసరానికి మించిన పర్యవేక్షణ నిబంధనలు పోటీని తగ్గించి రోగులకు నష్టం చేస్తాయని హెచ్చరించింది.

తప్పు జరిగితే బాధ్యత ఎవరిది?

స్వతంత్రంగా రాసినప్పుడు ప్రధానంగా నర్స్ ప్రాక్టీషనర్‌దే. కోర్టులో నష్టపరిహారం కేసు ఎదుర్కోవాలి, నర్సింగ్ బోర్డు లైసెన్సు రద్దు చేయవచ్చు. ఒప్పందం ఉన్న చోట డాక్టరు మీద కూడా కేసు పడే అవకాశం ఉంది.

మా నాన్నగారిని నర్స్ ప్రాక్టీషనర్‌కు చూపించాం. డాక్టరునే చూడాలని అడగవచ్చా?

అడగవచ్చు, అది మర్యాద తప్పడం కాదు. ఆగడానికి సిద్ధపడాలి, అంతే. రక్తపోటు మాత్ర మార్చడానికో, దగ్గుకో, షుగరు పరీక్షకో నర్స్ ప్రాక్టీషనర్ దగ్గరకు వెళ్లడానికి సంకోచించనవసరం లేదు. ఎవరికీ అంతుపట్టని జబ్బు, ఒకేసారి నాలుగైదు అవయవాలకు సంబంధించిన సమస్య, మందు మార్చినా తగ్గని లక్షణాలు ఉంటే స్పెషలిస్టు డాక్టరు దగ్గరకు పంపమని మీరే అడగండి. మంచి నర్స్ ప్రాక్టీషనర్ మీరు అడిగేలోపే పంపుతారు.

ఇంకొక్క జాగ్రత్త. ఇండియా నుంచి తెచ్చుకున్న మందుల అట్టలు వెంట తీసుకెళ్లండి, కంపెనీ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చూపించండి. మన పారాసిటమాల్ అక్కడ ఎసిటమినోఫెన్. సాల్బుటమాల్ అక్కడ ఆల్బుటెరాల్. గ్లిబెన్‌క్లమైడ్ అక్కడ గ్లైబురైడ్. పేరు వేరుగా ఉందని రెండూ వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది. షుగరు మందు విషయంలో అది ప్రాణాల మీదకు వస్తుంది. మన దగ్గర రెండు మూడు మందులు కలిపి అమ్మే మాత్రలు చాలావరకు అక్కడ ఉండవు, కాబట్టి దేనిలో ఏముందో విడదీసి చెప్పాలి.

అక్కడి నర్స్ ప్రాక్టీషనర్ రాసిన చీటీతో హైదరాబాదులో మందులు కొనవచ్చా?

మన ఔషధ నిబంధనల ప్రకారం షెడ్యూల్ హెచ్ మందులు అమ్మడానికి రిజిస్టర్డ్ వైద్యుడి చీటీ కావాలి. దుకాణదారుతో వాదన పెట్టుకోకుండా ఆ చీటీని ఇక్కడి డాక్టరుకు చూపించి మళ్లీ రాయించుకోవడం మంచిది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నర్సులకు ఇలాంటి అధికారం ఉందా?

అమెరికాలో ఉన్న రూపంలో లేదు. దానికి దగ్గరగా వచ్చే ప్రయత్నాలు మాత్రం జరుగుతున్నాయి. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కేంద్రాల్లో బీఎస్సీ నర్సింగ్ చదివినవారిని సామాజిక ఆరోగ్య అధికారులుగా నియమించారు. ఆంధ్రప్రదేశ్ గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో వీరిని ఎంఎల్‌హెచ్‌పీలు (మధ్య స్థాయి ఆరోగ్య సేవకులు) అంటారు. రక్తపోటు, మధుమేహం ఉన్నవారిని గుర్తించడం, డాక్టరు మొదలుపెట్టిన మందులను నెలనెలా కొనసాగించడం, చిన్న జబ్బులకు కేంద్రంలో ఉన్న మందులివ్వడం వీరి పని. తెలంగాణలో 2017లో ప్రభుత్వం, యూనిసెఫ్, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్‌లో మిడ్‌వైఫరీ (మంత్రసాని నర్సుల) శిక్షణ మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది కేంద్రం జాతీయ స్థాయిలో మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. భారత నర్సింగ్ మండలి క్రిటికల్ కేర్‌లో రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు కూడా రూపొందించింది.

2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం 32వ సెక్షన్ ‘సామాజిక ఆరోగ్య ప్రదాత’కు పరిమిత లైసెన్సు ఇవ్వవచ్చని, ప్రాథమిక, నివారణ వైద్యంలో నిర్దేశించిన మందులను వారు స్వతంత్రంగా రాయవచ్చని చెబుతోంది. ఆ సెక్షన్ మీద డాక్టర్లు దేశమంతా సమ్మె చేశారు. నకిలీ వైద్యం పెరుగుతుందన్న వారి భయాన్ని నేను కొట్టిపారేయను. మన పల్లెల్లో ఏ శిక్షణా లేనివారు సెలైన్లు ఎక్కిస్తూనే ఉన్నారు. నాలుగేళ్లు నర్సింగ్ చదివి, రిజిస్టరులో పేరు ఉండి, తప్పు చేస్తే పోగొట్టుకోవడానికి లైసెన్సు ఉన్న వ్యక్తికి, నిర్దిష్టమైన మందుల జాబితాతో, కొలమానం ఉన్న శిక్షణతో అధికారం ఇస్తే ఆ సెలైన్ల బెడద పెరగదు, తగ్గుతుందని నా నమ్మకం.

మా అమ్మాయి ఇక్కడ బీఎస్సీ నర్సింగ్ చదివింది. అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్ కావాలంటే?

ముందు చదువు ధ్రువపత్రాల పరిశీలన, నర్సు లైసెన్సుకు రాయాల్సిన ఎన్‌క్లెక్స్ పరీక్ష, రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు. ఆ తర్వాత అక్కడ మాస్టర్స్ లేదా డాక్టరేట్, ధ్రువీకరణ పరీక్ష. ఇక్కడి డిగ్రీతో నేరుగా మందులు రాయలేరు. కళాశాల ఎంచుకునేటప్పుడు, క్లినిక్ శిక్షణకు గురువును వారే ఏర్పాటు చేస్తారా లేక విద్యార్థి వెతుక్కోవాలా అన్నది ఫీజు అడగడానికంటే ముందు అడగండి. రెండేళ్లు వార్డులో పనిచేశాకే ఇందులో చేరమని నా సలహా.

మమ్మల్ని చూస్తున్న వ్యక్తి అర్హత ఎలా తెలుసుకోవాలి?

మెడలోని గుర్తింపు కార్డు మీద పేరు పక్కన హోదా ఉంటుంది. నర్సింగ్‌లో డాక్టరేట్ చేసినవారు తమను ‘డాక్టర్’ అని పరిచయం చేసుకుంటే, ‘మీరు వైద్యులా, నర్స్ ప్రాక్టీషనరా’ అని నేరుగా అడగండి. లైసెన్సు చెల్లుబాటులో ఉందో లేదో, దానిపై క్రమశిక్షణ చర్యలున్నాయో లేదో రాష్ట్ర నర్సింగ్ బోర్డు వెబ్‌సైటులో గానీ, బోర్డుల ఉమ్మడి వెబ్‌సైటు నర్సిస్‌లో గానీ ఉచితంగా చూడవచ్చు. పేరు, రాష్ట్రం తెలిస్తే చాలు.